నాగదంత దుర్గంలో బూడిదవన్నె గుర్రం

ఒడ్డుకు కాస్త దూరంగా సముద్రంలోంచి నిలువునా లేచిన నల్లరాతి కొండ మీద, మొసలి పళ్ల వరసలాంటి బురుజులతో నాగదంత దుర్గం ఉంది. పొద్దెక్కే వేళ గోడల మీద ఎండ పడితే, రాళ్ల సందుల్లో పొదిగిన పచ్చలు పాము కళ్లలా మెరుస్తాయి. ద్వారానికి రెండువైపులా ఏనుగంత ఎత్తున రెండు కంచు తేళ్లు కొండులెత్తి నిలబడి ఉంటాయి. సముద్రపు గాలికి వాటి కీళ్లు కిర్రుమంటూ ఉంటాయి. వ్యాపారులు ఆ చప్పుడు వినగానే తెరచాప తిప్పేసుకుంటారు.

ఒక ఉదయం ఆ ద్వారం ముందు ఇద్దరు పడవ దిగారు. ముందు నడిచిన మనిషి గంగసాని. నలభై అయిదేళ్లుంటాయి. కురచగా, బలంగా ఉంటుంది. విషవైద్యంలో ఆమెకు సాటివచ్చేవాళ్లు ఏడు రాజ్యాల్లో లేరు. ఆమె వెనక మందుల కావడి మోస్తున్న పొడగరి పేరు సింగన్న అని కావలివాళ్లకు చెప్పారు. నిజానికి అతను కురువింద రాజ్యపు యువరాజు శ్రుతవర్మ. కావడి మోయడం నేర్చుకోవడానికి అతనికి ఒక పూట పట్టింది. భుజం ఇంకా కందిపోయే ఉంది.

వాళ్లు అక్కడికి రావడానికి కారణం గద్దలకనుమలో జరిగిన సంగతి. కురువింద సరిహద్దులోని ఆ కనుమను కాస్తున్న సైనికుల మీద నాలుగు రోజుల కిందట దుర్గాధిపతి గరళకేతుడి మనుషులు సన్నని బాణాలు వేసి మాయమయ్యారు. గాయాలు చూస్తే ముల్లు గీరినంతే. కానీ మర్నాటికి అరవైమందికి చిగుళ్ల నుంచి రక్తం కారింది. గాయాలు ఆరలేదు. మూత్రం ఎర్రగా వచ్చింది. ఆస్థాన వైద్యులు పసర్లు పూశారు, మంత్రగాళ్లు వేపకొమ్మలతో దిగదుడిచారు. గంగసాని వచ్చి అవేవీ ముట్టుకోలేదు. ఒక సైనికుడి రక్తం కొంచెం శుభ్రమైన గాజు గిన్నెలోకి తీసి, కదపకుండా ఒక గడియ ఉంచింది. తరవాత గిన్నె వంచింది. గడ్డకట్టి ఉండాల్సిన రక్తం నీళ్లలా జారిపోయింది.

ఇది రక్తపింజరి విషమని ఆమె యువరాజుకు చెప్పింది. ఈ విషం రక్తానికి గడ్డకట్టే గుణం లేకుండా చేస్తుంది, ఆ తరవాత మూత్రపిండాలను పట్టుకుంటుంది, గట్టివాళ్లు వారం రోజులు ఓర్చుకుంటారు, అంతకు మించి కష్టం అంది. దీనికి చెట్ల మందు లేదు. ఉన్న మందల్లా గుర్రం. ఒక గుర్రానికి నెలల తరబడి చిటికెడు చిటికెడు విషం ఎక్కిస్తూ పోతే దాని ఒంటికి అలవాటైపోతుంది. ఆ గుర్రం రక్తాన్ని గడ్డకట్టనిచ్చి, పైన తేరిన పసుపుపచ్చని తేట తీసి రోగి నరంలోకి ఎక్కిస్తే విషం విరుగుతుంది. అలాంటి గుర్రాలు ఉన్నది ఒక్క గరళకేతుడి దగ్గరే. విషాలతో పనిచేసే తన మనుషుల కోసం అతను వాటిని పెంచుకుంటున్నాడు. దుర్గంలోని పాత వైద్యుడు ఈ మధ్యే చనిపోయాడనీ, కొత్తవాడి కోసం వెతుకుతున్నారనీ తెలిసి, ఆ కొలువు కోసం వచ్చినట్టు ఇద్దరూ బయల్దేరారు.

గరళకేతుడు వాళ్లను రాతి మండపంలో కలిశాడు. పుర్రెల దండలూ, జడలు కట్టిన జుట్టూ ఉంటాయనుకున్న శ్రుతవర్మకు, తెల్లని మడత నలగని బట్టల్లో, నెమ్మదిగా మాట్లాడే బక్కపలచని మనిషి కనిపించాడు. ఎడమచేతి రెండు వేళ్లు సగానికే ఉన్నాయి. ఎప్పుడో విషం తిన్న వేళ్లు అవి. మండపంలో మూడు రాతి అరుగుల మీద ముగ్గురు ఖైదీలు పడుకుని ఉన్నారు.

"తెల్లవారుజామున ముగ్గురినీ మూడు జీవాలు కరిచాయి. ఏది ఎవరిని కరిచిందో, ఎవడు ముందు పోతాడో చెప్పు. తప్పితే నాలుగో అరుగు ఖాళీగా ఉంది" అన్నాడు గరళకేతుడు.

గంగసాని మొదటివాడి దగ్గర కూర్చుంది. పాదం నుంచి మోకాలి దాకా వాచి నల్లబడింది, పంటి గాట్ల నుంచి రక్తం కారుతూనే ఉంది. పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది. గద్దలకనుమలో చూసిందే ఇక్కడా ఉంది.

రెండోవాడు పేరయ్య అనే జాలరి. దుర్గం నీళ్లలో వల వేశాడని పట్టుకొచ్చారు. చీలమండ మీద నాగుపాము గాట్లు రెండు స్పష్టంగా ఉన్నాయి. ఒళ్లంతా వణుకుతోంది, నోరు ఎండిపోయింది, గుండె దడదడలాడుతోంది. ఆమె అతన్ని కళ్లు పైకెత్తి చూడమంది. రెప్పలు వాలలేదు. నాలుక చాపమంది, గట్టిగా ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమంది, తన చేతిని పిసకమంది. మాట ముక్కులోంచి రాలేదు, పట్టు సడలలేదు. కాటు పడ్డ చోట వాపూ లేదు. అతని రక్తమూ మొదటివాడి రక్తమూ రెండు గిన్నెల్లో పోసి పక్కన పెట్టి మూడోవాడి దగ్గరకు వెళ్లింది.

మూడోవాడు చెమటలో తడిసి ముద్దయ్యాడు. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నోట చొంగ కారుతోంది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి. నాడి పట్టుకుంటే లెక్కకు అందడం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురగుర. పెదవుల చివర లేత గులాబీ రంగు నురగ కనిపించింది.

ఒక గడియ గడిచింది. గిన్నెలు వంచి చూసింది. మొదటిది జారింది. రెండోది పెరుగులా గట్టిగా నిలబడింది.

మొదటివాణ్ణి కరిచింది రక్తపింజరి అని ఆమె చెప్పింది. మూడోవాణ్ణి కుట్టింది ఎర్రతేలు. ఆ విషం ఒంట్లో ఉన్న సత్తువనంతా ఒక్కసారిగా ఖర్చుపెట్టిస్తుంది, గుండె తన పరుగు తానే తట్టుకోలేదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, ఇతనే ముందు పోతాడు, పడుకోబెట్టకుండా కూర్చోబెడితే కొంచెం సుఖంగా పోతాడు అంది. తనే వెళ్లి అతని వీపు వెనక కావడి మూట ఆనించింది.

"మరి రెండోవాడు?" అన్నాడు గరళకేతుడు.

"కరిచింది నాగుపామే, కానీ ఇతనికి విషం ఎక్కలేదు. పళ్లు దిగాయి, విషం దిగలేదు. పాములు అప్పుడప్పుడు ఉత్త కాటు వేస్తాయి. ఇతని ఒంట్లో ఉన్నది భయం ఒక్కటే" అని, పేరయ్య వైపు తిరిగి, "లేచి నడువు" అంది.

పేరయ్య పొద్దుట్నుంచి చావు కోసం చూస్తూ పడుకున్నాడు. లేచి మూడడుగులు వేశాడు. నాలుగో అడుగుకు కింద కూలబడి, మొహం మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చాడు. మూడోవాడు మధ్యాహ్నానికి పోయాడు.

గరళకేతుడు తృప్తిపడ్డట్టే కనిపించాడు. మొదటివాణ్ణి బతికించుకొమ్మని చెప్పి ఆమెను గుర్రపుశాలకు తీసుకెళ్లాడు. చందనపు స్తంభాలు, వెండి గొలుసులు, నేల మీద సముద్రపు తెల్లని ఇసుక. అక్కడ మూడు గుర్రాలున్నాయి. ఒకటి పాలనురగలా తెల్లనిది, ఒకటి చింతగింజ రంగుది, మూడోది నిప్పారిన కుంపటిలోని బూడిద వన్నెది. ఏ గుర్రానికి ఏ విషం అలవాటు చేశారో అతను చెప్పలేదు. ఆమెనే ఎంచుకోమన్నాడు.

గంగసాని వాటి మెడలూ భుజాలూ తడిమింది. తెల్లగుర్రం చర్మం ఎక్కడా మచ్చ లేకుండా నున్నగా ఉంది. కట్లపాము కరిచిన చోట వాపు రాదు, మచ్చ పడదు, కనుక అది కట్లపాము గుర్రం. చింతగింజ రంగుదాని భుజాన మాంసం తిని మానిన పెద్ద గుంటలున్నాయి. అది నాగుపాముది. బూడిదవన్నెదాని తోలు కింద మాత్రం పాత రక్తం గూడుకట్టి, అక్కడక్కడ ఊదారంగు మరకలు పడి ఉన్నాయి. ఆమె దాని జూలు మీద చెయ్యివేసి, ఇదేనంది. ఆ గుర్రం రక్తపు తేట నింపిన సీసా తెప్పించి, తోలుతిత్తికి అతికించిన సన్నని వెండి గొట్టంతో ఖైదీ నరంలోకి ఎక్కించింది. సాయంత్రానికి అతని రక్తం గిన్నెలో నిలబడింది. ఆమెకు కొలువు దొరికింది. నీళ్లు మోయడానికి పేరయ్యను ఇమ్మంటే గరళకేతుడు సరేనన్నాడు.

తప్పించుకునే దారి చెప్పింది పేరయ్యే. అమావాస్య ముందు రోజుల్లో తెల్లవారేసరికి నీరు బాగా లోపలికి తీస్తుంది. దుర్గం పడమటి నీటిద్వారం నుంచి ఒడ్డు దాకా ఒక ఇసుకమేట బయటపడుతుంది. జాములో తిరిగి మునిగిపోతుంది. గుర్రాలను పరిగెత్తించడానికి, వాటిని సాకే సాహిణులు అప్పుడే వాటిని మేట మీదికి తోలుకెళ్తారు. మర్నాడే అలాంటి రోజు.

మర్నాడు సూర్యుడు సముద్రం మీద పసుపు పూసినట్టు లేస్తుండగా నీటిద్వారం తెరుచుకుంది. గుర్రాలను చూసే మిషతో ముగ్గురూ అక్కడే ఉన్నారు. సాహిణి మొదటి గుర్రాన్ని బయటికి నడిపించాడు. బూడిదవన్నెది రెండోది. శ్రుతవర్మ కావడిబద్దతో రెండో సాహిణి మోకాళ్ల మీద కొట్టి, కళ్లెం లాక్కుని, జీను లేని వీపు మీదికి ఎగిరాడు. గంగసానిని వెనక కూర్చోబెట్టుకున్నాడు. పేరయ్య తోక పట్టుకుని పరుగందుకున్నాడు. కావలివాడు విసిరిన ఈటె గంగసాని మందుల సంచిని చీల్చుకుపోయింది. ద్వారపు ఇనుప తలుపు దిగుతోంది. గుర్రం మెడ వంచి దాని కిందనుంచి దూరింది. తలుపు అంచు వెనక వస్తున్న పేరయ్య వీపు చర్మం గీరుకుంటూ దిగి, రాతి గడపకు తగిలి గంటలా మోగింది.

నూరు బారలు పోయారో లేదో బురుజు మీద డప్పు మోగింది. గరళకేతుడు గోడల్లోని రంధ్రాల ముందు ఏదో పొగ వేయించాడు. ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో కందిరీగల దండు లేచింది. మామూలు కందిరీగలకు రెండింతలున్న అవి ఎర్రని మబ్బులా కమ్ముకొచ్చాయి. ఒకటి రెండు కుడితే మంట, వాపు. వందలు కుడితే ఆ మోతాదుకే మనిషి పడిపోతాడు.

"నీళ్లల్లోకి దింపండి," అని పేరయ్య అరిచాడు. గుర్రాన్ని మేట పక్కన లోతులోకి దూకించారు. తల నీళ్లలో ముంచి, ఊపిరాడనప్పుడు క్షణం పైకి లేచి, మళ్లీ మునిగి, గుర్రం ముక్కుపుటాల మీద తడి పైపంచె కప్పి, వాళ్లు అలా పావుగడియ ముందుకు ఈదారు. సముద్రపు గాలి విసురుకు దండు చెదిరిపోయింది. శ్రుతవర్మ చెవులు రెండు పూరీల్లా పొంగాయి. మిగతావాళ్లకు మెడ మీదా చేతుల మీదా కాట్లు పడ్డాయి. ఎవరికీ ప్రాణానికి భయం లేదని గంగసాని తేల్చింది.

మళ్లీ మేట ఎక్కారు. సగం దూరం దాటాక గుర్రం ముందరికాలు ఇసుకలో కూరుకున్న పాత వలలో చిక్కుకుంది. శ్రుతవర్మ దిగి, పాదాలు తడిసేంత నీళ్లలో వంగి, బాకుతో తాళ్లు కోయసాగాడు. చేతికి ఒక గవ్వ అడ్డొచ్చింది. తేనెరంగు మీద తెల్లని గోపురాలు నేసినట్టున్న పట్టుచీర అంచులాంటి గవ్వ. దాన్ని తీసి పక్కన పెట్టాడు. వేలికి సూది గుచ్చుకున్నట్టయింది. పట్టించుకోలేదు.

వల తెగేలోపు అతని పెదవులు మొద్దుబారాయి. ఒక్క గుర్రం రెండుగా కనిపించింది. బాకు జారిపోయింది. "అమ్మా, నాలుక..." అన్నాడు. మాట ముక్కులోంచి వచ్చింది. మోకాళ్లు వంగి ఇసుక మీద కూలిపోయాడు.

గంగసాని అతని చెయ్యి చూసింది, తరవాత నీళ్లలో గవ్వను చూసింది. గవ్వ మూతిలోంచి ఎర్రని సన్నని తొండం బయటికి చాచి ఉంది. చేపలను ఒక్క పోటుతో కొయ్యలా బిగించే నత్త అది. దాని విషం రక్తాన్ని ముట్టుకోదు, మాంసాన్ని తినదు. మెదడు చెప్పే మాట కండరానికి చేరకుండా దారిలో ఆపేస్తుంది. ముందు రెప్పలు, తరవాత గొంతు, చేతులు, కాళ్లు. ఆఖరున రొమ్ము ఎగసిపడటం ఆగుతుంది. చంపేది అదే. దీనికి ఏ గుర్రమూ లేదు. పోటు మొదలై నీళ్లు చీలమండల మీదికి వస్తున్నాయి. నీటిద్వారం దగ్గర పడవలు దింపుతున్నారు.

"పేరయ్యా, గుర్రం తీసుకుని వెళ్లు. గద్దలకనుమలో మా చెల్లెలు సూరసాని ఉంది. దానికి అప్పగిస్తే చాలు, ఏం చెయ్యాలో దానికి తెలుసు" అంది.

"ఆయన్ను గుర్రం మీద వేసుకుపోదాం తల్లీ."

"దారిలో ఊపిరి ఆగిపోతుంది. గుర్రం మీద నేనేం చెయ్యలేను."

పేరయ్య కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. "నేను పారిపోనని మీకెట్లా తెలుసు?"

"తెలియదు. వెళ్లు."

అతను వెళ్లాడు. గంగసాని శ్రుతవర్మను వెల్లకిలా తిప్పి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊదింది. అతని రొమ్ము లేచింది, దిగింది. మళ్లీ ఊదింది. విషం శాశ్వతంగా ఉండదని, ఎవరైనా అంతవరకు ఊపిరి పోస్తే దానంతటదే కరుగుతుందని ఆమె గురువు చెప్పాడు. ఎంతసేపు పోయాలో ఆయనకూ తెలియదు. అదీ చెప్పాడు.

శ్రుతవర్మకు స్పృహ పోలేదు. రెప్ప ఎత్తలేడు, వేలు కదపలేడు. కానీ నీటి చల్లదనం తెలుస్తోంది, ఆమె ఆయాసం వినిపిస్తోంది. యుద్ధంలో కలగని భయం అతనికి ఆ ఇసుక మీద కలిగింది.

పడవలు వచ్చేసరికి నీళ్లు ఆమె రొమ్ముల దాకా ఉన్నాయి. ఒక చేత్తో అతని తల పైకెత్తి పట్టి ఊదుతూనే ఉంది. సైనికుడొకడు ఈటె ఎత్తాడు. గరళకేతుడు ఆపాడు. ఇద్దరినీ పడవలోకి లాగించి, శ్రుతవర్మ రెప్ప తెరిచి చూశాడు. కంటిపాప విచ్చుకుని కదలకుండా ఉంది. నత్త పోటు తిన్నవాణ్ణి ఇంతవరకు ఎవరూ నిలపలేదని, ఈ చచ్చినవాడి ఒళ్లు ఎంతసేపు వెచ్చగా ఉంచగలదో చూద్దామని, ఆమెను ముట్టుకోవద్దని ఆజ్ఞాపించాడు. అతని మొహంలో కోపం కంటే కుతూహలమే ఎక్కువ కనిపించింది.

ఎదురుగాలి లేచి పడవలు తిరిగి దుర్గానికి పోలేకపోయాయి. లంగరు వేశారు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, వాలింది. గంగసాని పెదవులు చిట్లాయి. చూపు మసకబారింది. మూడో జాములో తెడ్డు దగ్గర కూర్చున్న ముసలి సరంగు ఒకడు ఎవరి అనుమతీ అడగకుండా లేచొచ్చి, ఆమెను భుజం పట్టి పక్కకు జరిపి, వంద ఊపిర్లు తను ఊదాడు. గరళకేతుడు చూసి ఊరుకున్నాడు. ఆమె ఆ వంద ఊపిర్ల సేపూ పడవ అంచుకు ఆనుకుని కళ్లు మూసుకుంది, తరవాత మళ్లీ మొదలుపెట్టింది.

సాయంత్రం పడవ మీది కావలివాడు, పగలంతా ఎక్కడో పొదల్లో దాక్కుని ఇప్పుడు దూరంగా ఒడ్డు దిబ్బ ఎక్కుతున్న బూడిదవన్నె గుర్రాన్ని చూపించాడు. దాని పక్కన ఒక మనిషి నడుస్తున్నాడు. పడవలో ఉన్న సేనాపతి, వెంటాడమంటారా అని గరళకేతుణ్ణి ద్వీపభాషలో అడిగాడు. గంగసానికి ఆ భాష రాదు. శ్రుతవర్మ సరిహద్దు కోటలో బందీలతో మాట్లాడి నేర్చుకున్నాడు.

"పోనీ. కనుమలో అరవైమంది బతికితే బతకనీ. వాళ్ల సైన్యమంతా అక్కడికి చేరాలనే కదా ఆ బాణాలు వేయించాను. ఎల్లుండి తెల్లవారేసరికి మన నూరు పడవలు కురువింద రేవులో ఉండాలి. అక్కడ కాపలాకు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు" అన్నాడు గరళకేతుడు. శవం లాంటి మనిషి తల అతని మోకాలికి జానెడు దూరంలో ఉంది.

గాలి తిరిగింది. లంగరు ఎత్తారు. పడమటి ఆకాశం రాగిపళ్లెంలా కాలుతుంటే పడవ దుర్గం వైపు కదిలింది.

అప్పుడు శ్రుతవర్మ చిటికెనవేలు కొద్దిగా వంగింది. అతని చేతి మీద ఆన్చి ఉన్న గంగసాని అరచేతికి అది తెలిసింది. కాసేపటికి రొమ్ము కూడా, ఆమె ఊదకముందే, తనంతట తాను లేచింది. ఆమె తల పైకెత్తలేదు. నలుగురి కళ్లూ తన మీదే ఉన్నాయని తెలుసు. ఆ వేలి మీద తన చెయ్యి నిండుగా కప్పి, గట్టిగా అదిమి పట్టుకుంది. అతనికి అర్థమయింది. వేలు మళ్లీ కదలలేదు.

ఇక అతనికి ఆమె ఊపిరి అక్కర్లేదు. అయినా ఆమె వంగి, చిట్లిన పెదవులతో ఊదుతూనే ఉంది. ఎదురుగా కంచు తేళ్ల మధ్య దుర్గద్వారం తెరుచుకుంటోంది.